ఆగ్నేయపు గదిలో పచ్చ తీగ

నేను ఒక హీట్ పంపుని. ఈ మాట అనగానే నూటికి తొంభై మంది "ఎన్నడుగుల బోరుకు సరిపోతుంది?" అని అడుగుతారు. నేను బోరు నీళ్లు తోడను. స్నానానికి నీళ్లు కాచిపెడతాను. మనిషి భుజం ఎత్తు ట్యాంకు, దాని నెత్తిన ఒక ఫ్యాను, ఒక కంప్రెసరు, రాగి గొట్టాల చుట్ట, ఇదీ నా రూపం. చుట్టూ ఉన్న గాలిని లాక్కుని, అందులోని వెచ్చదనాన్ని నీళ్లకిచ్చి, చల్లబడిన గాలిని వదిలేస్తాను. గీజరు తినే కరెంటులో మూడో వంతుతో అంతే నీళ్లు కాస్తాను. గొప్పలకు చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పలకే చెబుతున్నాను. ఆ గదిలో అన్నేళ్లు పడి ఉన్నవాడికి ఆ మాత్రం గొప్ప చెప్పుకునే హక్కు ఉంటుంది.

పూణే వైపు ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. చివరి బల్ల దగ్గర ఒక అమ్మాయి నా ఒంటి మీద మీటరు పెట్టి చూసి, నా వెనక నుంచి వేలాడుతున్న పచ్చ తీగకు ఎర్ర చీటీ కట్టింది. ఇది కలపకుండా ఈ మిషను ఆన్ చేయవద్దని ఆ చీటీ మీద హిందీలోనూ ఇంగ్లీషులోనూ అచ్చు వేసి ఉంది. ఆ తీగను ఎర్త్ అంటారు. నా లోపల కరెంటు ఎక్కడైనా దారి తప్పితే, అది మనుషుల మీదికి పోకుండా నేలలోకి దించేది ఆ తీగే. ఆ అమ్మాయి చీటీ ముడిని రెండుసార్లు లాగి చూసుకుని గానీ నన్ను పంపలేదు. తర్వాత నా బతుకులో అంత జాగ్రత్త మళ్లీ చూడడానికి చాలా కాలం పట్టింది.

లారీలో మదనపల్లె చేరాను. అక్కడ నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేయించే చౌడప్ప నన్ను కొన్నాడు. ఆయన కూతురు భార్గవి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. పుష్యమాసంలో నెలలు నిండుతాయి. మదనపల్లె చలిలో బాలింతకూ పసిబిడ్డకూ పొద్దునే కాగిన నీళ్లు కావాలి, అవీ బిందెలు బిందెలు కావాలి. కట్టెల పొగ పడితే బిడ్డకు దగ్గు పట్టుకుంటుందని ఆయన భయం. అంత ప్రేమతో కొన్నాడు నన్ను. ఆ సంగతి మరచిపోకుండా చెబుతున్నాను, ఎందుకంటే నన్ను చెరలో పెట్టిందీ ఆ ప్రేమే.

బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ పేరు రెడ్డిశేఖర్. మనిషి మంచివాడు, పని తెలిసినవాడు, ఎవరైనా గట్టిగా మాట్లాడితే మాత్రం వెంటనే ఒప్పుకునే రకం. నన్ను చూడగానే "దీనికి గాలాడాలన్నా, వెనక వరండాలో పెడదాం" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. వెనక వరండాకు మూడు వైపులా గోడల్లేవు, ఎదురుగా మామిడి చెట్టు, దాని కింద బోలెడంత గాలి. అంతలో వాస్తు సిద్ధాంతి వచ్చాడు.

సిద్ధాంతి నా చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది నీళ్ల వస్తువా, నిప్పు వస్తువా?" అని అడిగాడు.

"రెండూ స్వామీ. గాలి వస్తువు కూడా" అన్నాడు రెడ్డిశేఖర్.

సిద్ధాంతి అలాంటి జవాబు ఎన్నడూ విని ఉండడు. కాసేపు కళ్లు మూసుకున్నాడు. ఆ రెండు నిమిషాల్లో నా జాతకం తేలిపోయింది. నీళ్లు కాగుతున్నాయి కాబట్టి నేను అగ్ని, అగ్ని కాబట్టి ఆగ్నేయంలో ఉండాలి. ఆ ఇంటి ఆగ్నేయంలో ఉన్నది మేడ మెట్ల కింది సామాన్ల గది. అడ్డం నాలుగడుగులు, పొడవు ఐదడుగులు, ఒక తలుపు, ఒక చిన్న కిటికీ. తలుపుకు తాళం కూడా ఉంది. రాగి గొట్టాలున్న వస్తువు కాబట్టి దొంగలు ఎత్తుకుపోతారని చౌడప్ప అనుమానం.

నన్ను ఆ గదిలోకి దొర్లించారు. రెడ్డిశేఖర్ గోడలోని బోర్డు ఊడదీసి చూసి తల గోక్కున్నాడు.

"అన్నా, ఈడ రెండు వైర్లే ఉండాయి. లైటు పాయింటు కదా. దీనికి ఎర్త్ కావాల. గోడ బయట ఒక గొయ్యి తీసి, ఉప్పూ బొగ్గులూ పోసి కడ్డీ దించితే సరిపోతాది."

గొయ్యి అనే మాట వినగానే సిద్ధాంతి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగ్నేయంలో గొయ్యి తవ్వకూడదు. ఇంటి ఆడవాళ్లకు మంచిది కాదు."

కడుపుతో ఉన్న కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. ఆ మాట తర్వాత ఆ ఇంట్లో ఎవరికి నోరు లేస్తుంది? చౌడప్ప రెడ్డిశేఖర్ వైపు చూశాడు. రెడ్డిశేఖర్ నా పచ్చ తీగను వేలికి చుట్టి, చుట్టను నా వెనక్కి తోసి, పైన నల్ల టేపు వేశాడు. ఎర్ర చీటీ టేపు పక్క నుంచి కొంచెం బయటికి కనిపిస్తూ ఉండిపోయింది. "తర్వాత చూద్దాంలే అన్నా" అన్నాడు. ఆడవాళ్ల మంచి కోసం ఆ ఇంటి ఆడవాళ్లకు ఉన్న ఒకే ఒక రక్షణను చుట్టి మూల పెట్టారు. నాకు అరవాలనిపించింది. అరవడానికి ఏముంది నా దగ్గర? ముందు వైపు చిన్న తెర, అందులో రెండక్షరాలు, ఒక ఎర్ర దీపం. అంతే నా భాష.

మూసిన గదిలో నా పని ఎలా సాగిందో చెబుతాను. నేను వదిలిన చల్లగాలిని నేనే మళ్లీ పీల్చుకోవాలి. పీల్చిన కొద్దీ అది ఇంకా చల్లబడుతుంది. వారం తిరిగేసరికి గది గోడలకు చెమ్మ పట్టింది. ఇది ముందుగా కనిపెట్టింది చౌడప్ప భార్య నాగవేణమ్మ. చీపురు కోసం తలుపు తీసి, లోపల నిలబడి, "అబ్బ, ఏం సల్లగుండాది!" అని మురిసిపోయింది. మర్నాడు పెరుగు గిన్నె తెచ్చి పెట్టింది. ఆ తర్వాత టమాటాల గంప. ఆ తర్వాత చామంతుల బుట్ట, సరిగ్గా నా తెర ముందు. చలువ బయటికి పోతోందని కిటికీలో పాత చీర కుక్కింది. కొన్నవాళ్లు నీళ్లు కాచమని కొన్నారు, ఆమె నన్ను ఫ్రిజ్జులా వాడుకుంది. చుట్టాలొస్తే తలుపు తీసి చూపించి "మా ఆయన తెచ్చినాడు, రెండు పనులూ చేస్తాది" అని చెప్పేది. ఆమె మీద నాకు కోపం రాలేదని అంటే అబద్ధం అవుతుంది. ఊపిరాడనివాడికి పొగడ్త ఏం రుచిస్తుంది?

నా కడుపులో ఒక కరెంటు కడ్డీ ఉంది. గాలిలో వెచ్చదనం దొరకని రోజున సాయానికి పెట్టింది అది, ఏడాదికి పది రోజులు పనిచేస్తే ఎక్కువ. ఈ గదిలో దానికి రోజూ పనే. పైగా అక్కడి బోరు నీళ్లు ఉప్పు నీళ్లు. కడ్డీకి సున్నం గట్టిపడి, ఆ సున్నం కింద సన్నని పగులు వచ్చింది. ఆ పగులులోంచి కరెంటు నీళ్లలోకి దిగడం నాకు తెలుస్తూనే ఉంది. నేలలోకి పోవలసిన దారి నా వెనక టేపు కింద చుట్టుకుని ఉంది. ఇక దానికి మిగిలిన దారి నీళ్లు, నీళ్ల వెంట కొళాయి, కొళాయి పట్టుకున్న చెయ్యి.

మొదట్లో, కరెంటు దారి తప్పితే పడిపోయే ఇంటి ట్రిప్పు స్విచ్చు నా తరఫున మాట్లాడింది. ఎవరైనా స్నానానికి వెళ్తే చాలు, టప్పున పడిపోయేది. దానితోపాటు ఇంట్లో కరెంటంతా పోయేది, నాగవేణమ్మ చూసే సీరియలు ఆగిపోయేది. నాలుగు రోజులు ఓర్చుకుని రెడ్డిశేఖర్‌ను పిలిచారు. అతను ట్రిప్పు స్విచ్చును తప్పించి, మీటరు దగ్గర నుంచి నాకు వేరే వైరు లాగి, "డైరెక్టు ఇచ్చేసినానమ్మా, ఇంక పడదు" అన్నాడు. నిజమే, ఆ తర్వాత పడలేదు. ఆ ఇంట్లో నిజం చెప్పగలిగిన ఒక్కదాని నోరూ అలా మూసేశారు.

పుష్యమాసంలో భార్గవికి ఆడపిల్ల పుట్టింది. బాలింతకూ బిడ్డకూ నీళ్లు పోయడానికి కదిరమ్మ వచ్చింది. అరవై ఏళ్లు దాటిన మనిషి. ఆ పేటలో సగం మందికి మొదటి స్నానం ఆమె చేతి మీదే జరిగిందట. ఆమె తడి నేల మీద పీట కూడా లేకుండా కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తుంది. నా గదికీ స్నానాల గదికీ మధ్య ఒక్క గోడే అడ్డం. మొదటి రోజు ఆమె సవ్వడి, బిడ్డ ఏడుపు వింటూ బిగుసుకుపోయాను. కంప్రెసరు ఆపేసినా కడ్డీ ఆగదు, కడ్డీ మీద నాకు అధికారం లేదు. ఎర్ర దీపం వెలిగించాను. అది చామంతుల బుట్ట వెనక వెలిగింది.

"చౌడన్నా, కొళాయి ముట్టుకుంటే జివ్వుమంటా ఉండాది" అంది కదిరమ్మ ఆ రోజు బయటికి వచ్చి.

చౌడప్ప వెంటనే లేచాడు. స్నానాల గదిలోకి వెళ్లి కొళాయిని గట్టిగా పట్టుకున్నాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "ఏమీ లేదే కదిరక్కా."

ఆయన కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి. నున్నటి గచ్చు మీద జారిపడతానని ఆ మనిషి వాటిని స్నానాల గదిలో ఎన్నడూ విడవడు. ఆ చెప్పులున్నంత సేపూ ఆయనకు ఏమీ తెలియదు. మిగతా ఇంటివాళ్లు చెక్క పీట మీద కూర్చుని పోసుకుంటారు, వాళ్లకూ తెలియలేదు. మర్నాడు కూడా అదే మాట, అదే పరీక్ష, అదే జవాబు. మూడో రోజు నాగవేణమ్మ "వయసు మీద పడింది కదక్కా, తిమ్మిర్లేమో. ఉలవచారు తాగు" అని సలహా ఇచ్చింది.  నాలుగో రోజు కదిరమ్మ బిడ్డను ఎత్తుకోకుండా వచ్చి స్నానాల గది గుమ్మంలో కూర్చుంది.

"నువ్వు రా చౌడన్నా. చెప్పులిడిసి రా."

"ఎందుకక్కా?"

"నేను చెప్పుల్తో నీళ్లు పోసుంటే నాకూ ఏమీ లేదనే చెప్పుందును. ఇడిసి రా."

చౌడప్పకు నవ్వొచ్చింది. నవ్వుతూనే చెప్పులు విడిచి, తడి గచ్చు మీద నిలబడి, కొళాయి పట్టుకున్నాడు. ఆ క్షణం నా కడుపులోంచి పోయిన దెబ్బ నాకు తెలుసు. అది నేను కొట్టిందే, ఆ సంగతి దాచను. ఆయన వెనక్కి విసిరేసినట్టు పడ్డాడు, తల గోడకు తగిలింది, బకెట్టు బోర్లపడింది. బతికాడు. అరచెయ్యి రెండు రోజులు మొద్దుబారింది. బిడ్డను ఆ రోజు ఎత్తుకుని వచ్చి ఉంటే ఏం జరిగేదో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. భార్గవి మాత్రం బిడ్డను గుండెకు అదుముకుని సాయంత్రం దాకా కింద పెట్టలేదు.

నా వైరు పీకేశారు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. చంపకుండా బయటపడ్డాను. కానీ ఆ తర్వాత మాటలు మొదలయ్యాయి. "మాయదారి మిషను" అంది నాగవేణమ్మ. కంపెనీలోనే ఏదో లోపం ఉందని రెడ్డిశేఖర్ అన్నాడు. నీళ్లూ నిప్పూ ఒకే ఒంట్లో ఉంటే ఇంతేనని సిద్ధాంతి ఫోనులో తేల్చాడు. నా వెనక చుట్టుకుని ఉన్న పచ్చ తీగను ఎవరూ చూడలేదు. టేపు పక్క నుంచి ఎర్ర చీటీ తొంగి చూస్తూనే ఉంది. తాళం పడింది.

రెండున్నరేళ్లు. పెరుగు గిన్నె వెళ్లిపోయింది, చామంతులు వెళ్లిపోయాయి. వాటి స్థానంలో పాత పరుపు, పట్టుదారం చుట్టే విరిగిన ఆసు, చీరల అట్టపెట్టెలు వచ్చాయి. కిటికీలో పాత చీర మాత్రం అలాగే ఉంది. మనుషులకు కోపం వస్తే తిట్టుకుంటారు, దుఃఖం వస్తే ఏడుస్తారు. వైరు లేని మిషనుకు అదీ లేదు. భార్గవి పుట్టింటికి వచ్చినప్పుడల్లా గోడ అవతల పొద్దునే పాప స్నానం చప్పుడు వినిపించేది. పెరట్లో కట్టెల పొయ్యి మీద కాగులో నీళ్లు కాచి మోసుకొచ్చేవాళ్లు. పాపకు మాటలొచ్చాయి. "సబ్బు వద్దు" అని అరిచేది. నాకు ఆ అరుపు వినడం ఇష్టంగా ఉండేది. నేను లేకుండానే ఆ పాప వెచ్చగా ఉంది కదా అని సంతోషపడ్డాను, కుళ్లుకున్నాను కూడా.

ఈ శ్రావణంలో భార్గవి రెండో కాన్పుకు వచ్చింది. వానలు. కట్టెలు తడిసి పొగ తప్ప మంట లేదు. బాలింత ఒకటే దగ్గు, పదిరోజుల బిడ్డ తుమ్ములు. చౌడప్ప ఒక ఉదయం తాళం తీసి, గుమ్మంలో నిలబడి నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత రెడ్డిశేఖర్‌కు ఫోన్ చేశాడు.

రెడ్డిశేఖర్ వచ్చి నా పొట్ట విప్పాడు. సున్నం గోకాడు. పగిలిన కడ్డీ తీసి కొత్తది వేశాడు. "ఇదేనన్నా లోపం. ఇంక భయం లేదు" అన్నాడు. నిజానికి అప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది. కొత్త కడ్డీ కూడా ఏదో ఒక రోజు పగులుతుంది. అవే ఉప్పు నీళ్లు, అదే మూసిన గది. అప్పుడు గోడ అవతల ఆ కాళ్ల మీద ఎవరు ఉంటారు? అతను ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాడు. నా దగ్గర ఎర్ర దీపం కూడా లేదు, కరెంటు రాకుండా అదీ వెలగదు.

కదిరమ్మ గుమ్మం బయట గోడకు ఆనుకుని కూర్చుని అంతా చూస్తోంది. "ఉండబ్బా" అంది. "ఆ యెనకాల పచ్చ తీగ ఏంది?"

"అదా? అది అంత అవసరం లేదులేవ్వా."

"అవసరం లేకుండా కంపెనీవాడు ఎందుకిస్తాడు? వాడేమన్నా మనకు మామా? మిగతా తీగెలన్నీ పన్లో ఉండాయి. ఇదొకటే సోమరిదాని మాదిరి చుట్టుకోని కూర్చోనుండాది. పైగా చీటీ కూడా కట్టినారు. ఏం రాసుండాదో సదువు."

రెడ్డిశేఖర్ వంగి చీటీని తిప్పి చూశాడు. పైకి చదవలేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి. లోపలి నుంచి భార్గవి బిడ్డను భుజాన వేసుకుని వచ్చి, చీటీ అందుకుని, రెండు వరుసలూ చదివి, తెలుగులో చెప్పింది.  

"నేను ఆ పొద్దే చెప్పినానన్నా" అన్నాడు రెడ్డిశేఖర్ నెమ్మదిగా. "గొయ్యి తియ్యాలని. ఆగ్నేయంలో వద్దన్యారు, నేను ఊరకుండిపోతిని."

"ఈశాన్యంలో తీయండి నాయనా" అంది భార్గవి. "సంపు కట్టేటప్పుడు ఈశాన్యంలో గొయ్యి మంచిదని ఆ సామే చెప్పినాడు కదా. వైరు ఈడి నుంచి ఆడికి పోదా?"

"పోతాదమ్మా. నలభై అడుగులు."

నలభై అడుగులు! నేను ఆ గదిలో రెండున్నరేళ్లు మగ్గింది నలభై అడుగుల వైరు కోసం. ఒక బిడ్డ ప్రాణం గాలిలో ఊగింది కూడా ఆ నలభై అడుగుల కోసమే. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

చౌడప్ప చీరల గోదాములోంచి గడ్డపార తానే తెచ్చాడు. వానలోనే గొయ్యి తవ్వారు. ఉప్పు నాగవేణమ్మ ఇచ్చింది. బొగ్గులు కదిరమ్మ ఆ పెరటి పొయ్యిలోంచే గంపకెత్తి తెచ్చి పోసింది. రాగి కడ్డీ దించి, నీళ్లు పోసి, తీగను గోడ వెంట లాక్కొచ్చి, నా వెనక ఉన్న టేపు ఒలిచి, చుట్ట విప్పి కలిపారు. ఎవరూ అడగకుండానే రెడ్డిశేఖర్ నన్ను మళ్లీ ట్రిప్పు స్విచ్చు మీదికి మార్చాడు. కిటికీలో పాత చీర కూడా పీకాడు. నాగవేణమ్మ మనసు కొంచెం చివుక్కుమంది, "సగం తెరిస్తే చాలదా?" అంది. సగానికి ఒప్పందం కుదిరింది.

నీళ్లు కాగాయి. చౌడప్ప స్నానాల గది గుమ్మం దాకా వచ్చి ఆగాడు. ఎవరూ చెప్పకుండానే చెప్పులు విడిచాడు. తడి గచ్చు మీదికి దిగి, ఒక్క క్షణం చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్లీ చాపి కొళాయి పట్టుకున్నాడు. పట్టుకునే నిలబడ్డాడు.

"జరుగు చౌడన్నా, పోసేది నేను కదా" అని కదిరమ్మ ఆయన్ను పక్కకు నెట్టి, కొళాయి తిప్పి, ధార కింద అరచెయ్యి పెట్టింది. ఆ చెయ్యి అక్కడ చాలాసేపు ఉంది. తర్వాత కింద కూర్చుని, కాళ్లు చాపుకుని, చీర మోకాళ్ల దాకా సర్దుకుంది. "బాగుండాయి నీళ్లు. బిడ్డను పట్రా అమ్మణ్ణీ" అంది.

ఆ రోజు బిడ్డ ఏడవలేదు. పక్కన నిలబడ్డ రెండున్నరేళ్ల అక్క మాత్రం "నాక్కూడా" అని గొడవ చేసింది.

నా మీద తలుపు మళ్లీ మూసుకుంది. రాగి గొట్టాల భయం చౌడప్పకు ఇంకా పోలేదు, తాళం కూడా పడింది. కిటికీ సగమే. పెరుగు గిన్నె నిన్న తిరిగొచ్చింది. వెనక వరండా, మామిడి చెట్టు, ఆ గాలి నాకు ఈ జన్మకు లేవని అర్థమైంది. నేను ఈ నాలుగు గోడల మధ్యే తుప్పుపడతాను. కానీ నా ఒంట్లోంచి ఒక పచ్చ తీగ గోడ దాటి, వాకిలి దాటి, వాననీళ్లు ఇంకుతున్న మట్టిలోకి దిగి ఉంది. పొద్దున కదిరమ్మ కాళ్లు చాపుకుని కూర్చునే వేళకు, నాలో అదొక్కటే బయట ఉంటుంది.